చచ్చినవాడి కళ్ళు చారెడు

చెన్నై టి.నగర్‌లో పానగల్ పార్కు చుట్టుపక్కల పండగ ముందు రోజుల్లో కాలు పెట్టడానికి చోటు ఉండదు. పట్టుచీరల షాపులు, బంగారం కొట్లు, నెల్లూరు నుంచీ చిత్తూరు నుంచీ పెళ్ళి బట్టల కోసం దిగిన కుటుంబాలు, రెండు చేతుల్లో సంచులు. ఆ పార్కులోనే చిత్తూరు నాగయ్య గారి విగ్రహం పెట్టారు. పోతన, వేమన, త్యాగయ్య అని ఎవరైనా అంటే ఒక తరం తెలుగువాళ్ళ కళ్ళ ముందుకు వచ్చేది ఈయన ముఖమే. ఒకప్పుడు దక్షిణాదిలో పెద్ద పారితోషికం తీసుకున్న నటుడు, 1965లో పద్మశ్రీ కూడా వచ్చింది. 1973 డిసెంబరు 30న ఇదే ఊళ్ళో పోయేనాటికి చేతిలో ఏమీ మిగల్లేదు. ఆఖరి ఏళ్ళలో చిన్న చిన్న వేషాలు వేసుకుంటూ గడిపారు. పోయాక విగ్రహం వచ్చింది.

తెలుగులో దీనికి ఒక సామెత ఎప్పటినుంచో ఉంది, చచ్చినవాడి కళ్ళు చారెడు అని. బతికున్నప్పుడు ఆ కళ్ళ వంక చూసినవాడు ఉండడు, పోయాక మాత్రం అబ్బ, ఎంత పెద్ద కళ్ళో అంటాం. కళాకారుల విషయంలో మనకు ఇది అలవాటుగా మారిపోయింది కాబట్టి, ఎందుకిలా జరుగుతోంది అన్నది కాస్త వివరంగా చూడాలి. "సమాజానికి కళ అంటే విలువ లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అసలు విషయం తెలియదు. ఎందుకంటే ఆ మాట నిజం కాదు. నాగయ్య గారిని జనం ప్రేమించలేదా? ఘంటసాల గారిని? సావిత్రి గారిని? వాళ్ళకు దొరికినంత అభిమానం చాలామంది రాజకీయ నాయకులకు కూడా దొరకలేదు. ప్రేమ ఉంది. ఆ ప్రేమ మనిషి దాకా చేరే దారులే లేవు. పాట జనం దగ్గరికి వెళ్ళింది, డబ్బు ఇంకెక్కడికో వెళ్ళింది, పేరు మధ్యలో ఎక్కడో రాలిపోయింది, గౌరవం వచ్చేసరికి మనిషి లేడు.

డబ్బు సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే దీని గురించే మనం తక్కువ మాట్లాడతాం.

మద్రాసులో తెలుగు సినిమా తయారైన రోజుల్లో సంగీత దర్శకుడికైనా, పాట రాసినవాడికైనా, పాడినవాడికైనా దక్కింది చాలావరకు ఒకసారి ఇచ్చే మొత్తమే. ఆ తర్వాత ఆ పాట యాభై ఏళ్ళు రేడియోలో మోగినా, పెళ్ళిళ్ళలో మైకు సెట్లలో మోగినా, దాని మీద వచ్చే రాబడితో వాళ్ళకు సంబంధం లేదు. ఇది నిర్మాతల దుర్మార్గం అనుకుంటే పొరపాటు, చట్టమే అలా ఉండేది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్న పనికి మొదటి హక్కుదారు నిర్మాతే అవుతాడని 1977లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. ఆ కేసు సంగీత కర్తల, రచయితల సంఘానికీ తూర్పు భారత సినీ నిర్మాతల సంఘానికీ మధ్య నడిచింది. అందులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పుతో ఏకీభవిస్తూనే విడిగా ఒక బాధ రాశారు. మన దేశంలో సంగీతానికి ప్రాణం పోసేది గాయకుడు, ఆ గాయకుడికే ఈ చట్టంలో హక్కు లేదు, పార్లమెంటు దీన్ని చూడాలి అని దాని సారాంశం.

పార్లమెంటు చూడటానికి ఇంకో పదిహేడేళ్ళు పట్టింది. 1994 సవరణలో మొదటిసారి ప్రదర్శకుల హక్కు అనే మాట చట్టంలోకి వచ్చింది. పాటల రచయితలూ స్వరకర్తలూ తమ రాయల్టీని వదులుకుంటున్నామని సంతకం పెట్టినా ఆ సంతకం చెల్లదు అనే రక్షణ 2012లో వచ్చింది. గాయకుల రాయల్టీకి కూడా ఆ సవరణలోనే చోటు దొరికింది. ఇప్పుడు ఈ సంవత్సరాల పక్కన మన వాళ్ళ సంవత్సరాలు పెట్టి చూడండి. ఘంటసాల గారు పోయింది 1974 ఫిబ్రవరి 11న. సాలూరి రాజేశ్వరరావు గారు 1999లో. తెలుగు సినిమా పాటకు ఒక రూపం ఇచ్చిన మనుషులు, తమ పనికి చట్టం ఒక హక్కు ఇచ్చే రోజు చూడకుండానే వెళ్ళిపోయారు.

ఘంటసాల గారి భగవద్గీత సంగతి తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. పోయేముందు ఆయన పాడిన చివరి పెద్ద పని అది, రికార్డు బయటికి వచ్చింది ఆయన పోయాక. ఇవాళ ఏ ఊళ్ళో ఎవరు పోయినా ఇంటి ముందు స్పీకర్లో ఆ గొంతే వినిపిస్తుంది. చెన్నైలో కూడా, ఓ వీధిలో తెలుగు ఇల్లు ఉందని పక్కవాళ్ళకు కొన్నిసార్లు అలాగే తెలుస్తుంది. మన ఆఖరి ప్రయాణం కూడా ఆయన గొంతు లేకుండా సాగదు. విజయనగరంలో సంగీతం నేర్చుకునే రోజుల్లో ఆ గొంతు ఇంటింటికీ తిరిగి మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకుంది. ఈ రెంటి మధ్య ఉన్న దూరం గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం, ఎంత కష్టపడి పైకొచ్చాడో చూడండి అని. అలా అడుక్కుని చదువుకోవాల్సి వచ్చినవాళ్ళలో పైకి రాలేకపోయినవాళ్ళు ఎంతమందో అన్న ఆలోచన మాత్రం రాదు.

"నిజమైన ప్రతిభ దాగదు" అనే మాట దగ్గర ఇక్కడే ఆగాలి. చాలా హాయిగా ఉంటుంది ఆ మాట, ఎందుకంటే మన మీద ఏ బాధ్యతా పెట్టదు. కానీ దాగకుండా బయటపడిన ప్రతిభే మనకు తెలుస్తుంది, దాగిపోయింది ఎలా తెలుస్తుంది? త్యాగరాజస్వామినే తీసుకోండి. వేల కీర్తనలు చేశారని చెప్పుకుంటాం, ఇవాళ మన చేతిలో ఉన్నవి సుమారు 700. అవి కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ లాంటి శిష్యులు పక్కన కూర్చుని రాసుకుంటే, ఆ తాళపత్రాలూ కాగితాలూ వాళ్ళ పిల్లలు జాగ్రత్త చేస్తే మిగిలాయి. మేధావి ఒక్కడే సరిపోడు, విని రాసుకునే ఇంకొకడు ఉండాలి. ఆ రెండోవాడు లేక గాలిలో కలిసిపోయినవి ఎన్నో లెక్క పెట్టే మార్గం కూడా లేదు.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు, నాగయ్య గారూ సావిత్రి గారూ సంపాదించలేదా, సంపాదించి పోగొట్టుకున్నారు, దానికి సమాజం ఏం చేస్తుంది అని. నిజమే, ఇద్దరివీ ఎముక లేని చేతులు. ఇంకా రకరకాల మాటలు అంటారు. సగం నిజమే అనుకుందాం. ఒక బ్యాంకు గుమస్తా కూడా జీవితంలో తప్పులు చేస్తాడు, చెడు స్నేహాలు పడతాడు, చిట్టీల్లో డబ్బు పోగొట్టుకుంటాడు. అయినా రిటైరయ్యాక అతనికి పెన్షన్ వస్తుంది, ప్రావిడెంట్ ఫండ్ ఉంటుంది. అతని తప్పులకు ఒక అడుగు ఉంది, దానికన్నా కిందకి పడడు. కళాకారుడికి ఆ అడుగు లేదు. సావిత్రి గారు దాదాపు 19 నెలలు కోమాలో ఉండి 1981 డిసెంబరు 26న పోయారు. సినీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే. 2018లో ఆవిడ జీవితం మీద సినిమా వస్తే థియేటర్లలో ఏడవనివాళ్ళు లేరు. ఆ కన్నీళ్ళు నిజమైనవే, అవి 37 ఏళ్ళు ఆలస్యంగా వచ్చాయి.

డబ్బు గురించి కళాకారుడు నోరెత్తకుండా చేసే విషయంలో మన సాహిత్యాన్ని కూడా మనం వాడుకున్నాం. పోతన కథ చెబుతాం, రాజులకు అంకితం ఇవ్వనన్నాడు, నాగలి పట్టాడు అని. త్యాగరాజు కథ చెబుతాం, రాజు పిలిచినా వెళ్ళకుండా "నిధి చాల సుఖమా" అని పాడాడని. ఇవి గొప్ప కథలే, ఆ మనుషులు గొప్పవాళ్ళే. కానీ ఆ నిర్ణయం వాళ్ళది, వాళ్ళ కోసం వాళ్ళు తీసుకున్నది. దాన్ని తీసుకొచ్చి ఇవాళ ఇంటద్దె కట్టాల్సిన వయొలిన్ కళాకారుడి ముందు పెట్టి, కళను అమ్ముకుంటావా అనడం ఏం న్యాయం? ఆ మాట అనేవాడు తను చేసే ఉద్యోగానికి జీతం వద్దనడు కదా.

పోతనను చెప్పేవాళ్ళు శ్రీనాథుణ్ణి సగమే చెబుతారు. కనకాభిషేకం జరిగింది, కవిసార్వభౌముడు అన్నారు, రాజుల పంక్తిలో భోజనం చేశాడు. అదే మనిషి చివరి రోజుల్లో కృష్ణ ఒడ్డున పొలం గుత్తకు తీసుకుంటే వరద ముంచేసిందట. కట్టాల్సిన ఏడువందల టంకాలు కట్టలేకపోతే ఎర్రటి ఎండలో, వీధిలో, భుజం మీద రాయి పెట్టి నిలబెట్టారని ఆయన పేరు మీద ఉన్న చాటుపద్యం చెబుతుంది. "ఎట్లు చెల్లింతు టంకంబులేడు నూర్లు" అన్న పాదం చదువుతుంటే ఆరువందల ఏళ్ళ తర్వాత కూడా గొంతుకు ఏదో అడ్డం పడుతుంది. ఆదరించిన రాజులు ఒక్కొక్కరే పోయారు, వాళ్ళతో ఆదరణా పోయింది. ఆదరణ అనేది ఒక ప్రభువు దయగా ఉన్నంతకాలం అది అంతే, ఆ ప్రభువు ఉన్నన్నాళ్ళే. ఇవాళ రాజు స్థానంలో ఓ నిర్మాతో, ఓ స్పాన్సరో, ఓ మంత్రిగారో ఉంటారు.

పేరు విషయానికి వస్తే, చెన్నై తెలుగువాళ్ళకు చందమామ కంటే దగ్గరి ఉదాహరణ ఇంకొకటి లేదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన పత్రిక. వడపళని వైపు దాని ఆఫీసు ఉన్న రోజులు గుర్తున్న పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట... ఈ సీరియళ్ళ కోసం నెలంతా ఎదురుచూసి, పోస్టుమాన్ చేతిలోంచి లాక్కుని, అన్నం పళ్ళెం ముందు పెట్టుకుని చదివి తిట్లు తిన్న పిల్లలు ఇవాళ తాతలూ అమ్మమ్మలూ అయ్యారు. వాటిని రాసింది ఎవరు అని అడిగితే ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. పేజీ మీద పేరు ఉండేది కాదు. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు, దశాబ్దాల పాటు ఆ ఆఫీసులోనే కూర్చుని. పత్రికకు ఒక రూపం ఇచ్చి, వచ్చిన ప్రతి కథనూ తన చేత్తో తిరగరాసి నడిపిన కొడవటిగంటి కుటుంబరావు గారి పేరు కూడా సంపాదకుడిగా కనిపించేది కాదు, అక్కడ చక్రపాణి గారి పేరు ఉండేది.

పత్రిక మొత్తం ఒకే గొంతుతో మాట్లాడాలన్నది వాళ్ళ పద్ధతి, దాన్ని తప్పని కొట్టేయలేం. చందమామకు ఆ నునుపు, ఆ ఏకరూపం వచ్చింది అందువల్లే కావచ్చు. కానీ దాని ఖర్చు ఎవరు భరించారో చూడాలి. పేరు లేకపోతే ఉత్తరం ఎవరికి రాస్తారు? ఇంకో పత్రికవాడు ఎవరిని పిలుస్తాడు? సుబ్రహ్మణ్యం గారు 2010లో పోయారు. చిన్నప్పుడు చదివిన కథల వెనక మనిషిని వెతుక్కుంటూ పెద్దయ్యాక పాఠకులే ఆయన దాకా వెళ్ళారు, ఆ సీరియళ్ళను వెలికి తీశారు. పత్రికలో రాని పేరును చదువరులు తమ పట్టుదలతో తెచ్చిపెట్టారు. ఈ మొత్తం వ్యవహారంలో మనసుకు ఊరట కలిగించే విషయం ఇదొక్కటే.

బొమ్మలు గీసినవాళ్ళ పరిస్థితి కాస్త నయం, బొమ్మ మూలన సంతకం ఉండేది. ఒక చేతిలో కత్తి, భుజం మీద శవం, వెనక చెట్టు, తిరిగి చూడకుండా నడుస్తున్న విక్రమార్కుడు. ఆ బొమ్మ చూడని తెలుగు పిల్లవాడు ఒక తరంలో లేడు. ఎన్ని నెలలు, ఎన్ని సంవత్సరాలు అదే బొమ్మ అచ్చయిందో! దాన్ని గీసిన శంకర్ గారు, అసలు పేరు కె.సి. శివశంకరన్, తమిళుడు, 1952లో చందమామలో చేరి ఇదే ఊళ్ళో జీవితమంతా గీశారు. 2020 సెప్టెంబరులో 96 ఏళ్ళ వయసులో పోయారు. పద్మశ్రీ 2021లో ప్రకటించారు. తొంభై ఆరేళ్ళు బతికిన మనిషికి కూడా మనం సమయానికి అందించలేకపోయాం అంటే, నలభై ఐదుకో యాభైకో పోయేవాళ్ళ సంగతి ఏం చెప్పాలి.

ఈ ఆలస్యం మీద ఎస్. జానకి గారు 2013లో చేసిన పని చాలామందికి అప్పట్లో నచ్చలేదు. పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు, చాలా ఆలస్యంగా వచ్చిందని, దక్షిణాది కళాకారులకు రావలసిన గుర్తింపు రావడం లేదని. 1957లో పాడటం మొదలుపెట్టి, అన్ని భాషల్లో అన్ని వేల పాటలు పాడి, డెబ్బై దాటాక వచ్చిన పతకాన్ని కళ్ళకద్దుకుని తీసుకోవాలని మనం ఎందుకు ఆశించాలి? అహంకారం అన్నారు కొందరు. ఒక జీవితకాలం లెక్క చూసుకున్న మనిషి చెప్పిన సూటి మాట అది, అందులో అహంకారం ఏమీ లేదు. బాపు గారికి కూడా పద్మశ్రీ అదే సంవత్సరం వచ్చింది, మరుసటి ఏడు ఆగస్టులో ఆయన వెళ్ళిపోయారు. ఆ గీత పక్కన రాత అయిన ముళ్ళపూడి వెంకటరమణ గారు అప్పటికే రెండేళ్ళ కిందట, 2011లో పోయారు.

అవార్డులు ఇచ్చే చోట్ల చూపు కూడా ఒకేలా ఉండదు. చెన్నై మ్యూజిక్ అకాడమీ 1928లో మొదలైంది, కర్ణాటక సంగీతంలో దాని సంగీత కళానిధి బిరుదుకు ఉన్న విలువ అందరికీ తెలుసు. ఆ బిరుదు ఒక మృదంగ విద్వాంసుడికి మొదటిసారి వచ్చింది 1966లో, పాల్ఘాట్ మణి అయ్యర్ గారికి. ఒక స్త్రీకి మొదటిసారి వచ్చింది 1968లో, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారికి. అప్పటిదాకా ఆడవాళ్ళు పాడలేదా, మృదంగం మోగలేదా? ప్రకాశం జిల్లా కరవది నుంచి వచ్చి శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వరంతో రంగనాథుణ్ణి కొలిచిన షేక్ చిన మౌలానా గారికి ఆ బిరుదు 1998లో వచ్చింది. 1999లో ఆయన పోయారు. మెచ్చుకోవలసిన చోట్ల కూడా కొందరు ముందు కనపడతారు, కొందరు వెనక. ముందు వరుసలో పాడేవాళ్ళు, పక్కన వాయించేవాళ్ళు తర్వాత, గుడి గుమ్మం దగ్గరా పెళ్ళి పందిట్లోనూ వాయించేవాళ్ళు అందరికన్నా తర్వాత.

ఇవన్నీ సంస్థల సంగతులు. మన సంగతి కూడా చూసుకోవాలి కదా.

డిసెంబరు సీజన్‌లో మైలాపూర్ వైపు ఏదో ఒక సభకు మధ్యాహ్నం కచేరీకి వెళ్ళండి. మధ్యాహ్నాల కచేరీలకు చాలాచోట్ల టికెట్ ఉండదు, పాడేది చిన్నవాళ్ళు. పాడేది చాలావరకు తెలుగే, త్యాగరాజు తెలుగు. ప్రధాన కీర్తన, నెరవల్, స్వరకల్పన అయిపోయి గాయని చిరునవ్వుతో మృదంగం వైపు తిరుగుతుంది, ఇక నీదే అన్నట్టు. తని ఆవర్తనం, అంటే పాట ఆగి మృదంగం ఒక్కటే మోగే వంతు, మొదలవుతుంది. ఆ క్షణంలోనే హాల్లో కుర్చీల చప్పుడు కూడా మొదలవుతుంది. ఒక వరుస లేస్తుంది, ఇంకో వరుస లేస్తుంది, మోకాళ్ళు తప్పించుకుంటూ, సంచులు తీసుకుంటూ, క్యాంటీన్ వైపు. ఇప్పుడు వెళ్తే వడ వేడిగా దొరుకుతుంది, మళ్ళీ పాట అందుకునే టైముకి వచ్చేయొచ్చు. వేదిక మీద ఆ కుర్రవాడికి పాతికేళ్ళు ఉంటాయేమో. ఎడమ వైపు అద్దిన రవ్వ ముద్దను ఒకసారి వేలితో సరిచేసుకుంటాడు, తలెత్తడు. ఎనిమిదేళ్ళ వయసు నుంచి పొద్దున్నే లేచి సాధన చేసినదంతా చూపించడానికి ఆ కచేరీలో అతనికి దొరికింది ఆ పది నిమిషాలే, ఆ పది నిమిషాల్లోనే హాలు సగం ఖాళీ.

మూడో వరుసలో ఒక పెద్దాయన మాత్రం లేవరు. తొడ మీద తాళం వేస్తూ ఉంటారు, కళ్ళు మూసుకుని. కుర్రవాడు ఒక లెక్క ఎత్తుకుంటాడు, తాళానికి అడ్డంగా, ఎక్కడికో పోతున్నట్టు, ఇక తప్పాడు అనిపించేలా. పెద్దాయన కళ్ళు తెరుస్తారు. ముక్తాయింపు మూడోసారి తిరిగి సరిగ్గా సమం మీద, అంటే తాళం మొదలయ్యే దెబ్బ మీద, వచ్చి పడగానే ఆయన నోట్లోంచి "భేష్" అని వస్తుంది, పెద్దగా కాదు. కుర్రవాడు అప్పుడు తలెత్తుతాడు. ఆ తర్వాత వాయించే రెండు నిమిషాలు ముందు వాయించిన ఎనిమిది నిమిషాల్లా ఉండవు, చేతి బరువే మారిపోతుంది. వినేవాడు ఉన్నాడని తెలిస్తే కళ మారుతుంది. ఇది ఉత్త మాట కాదు, ఆ హాల్లో కూర్చున్న ఎవరికైనా చెవికి వినపడే తేడా. మెచ్చుకోలు అనేది పని అయిపోయాక ఇచ్చే బహుమతి అనుకుంటాం గానీ అది పని జరుగుతున్నప్పుడే దానిలోకి వెళ్ళి కలుస్తుంది.

పెళ్ళిళ్ళు ఇంకా ఘోరం. నాదస్వరం బృందానికి ఒక మూల తివాచీ వేస్తారు. వాళ్ళ ఎదురుగానే మాటలు, ఫోటోలు, పిల్లల పరుగులు. ఆయన తోడి రాగం ఆలాపన ఎత్తుకుని గంభీరంగా తీసుకెళ్తుంటే మధ్యలో పురోహితుడి చెయ్యి లేస్తుంది, "గట్టిమేళం" అంటారు, రాగం అక్కడికక్కడే తెగిపోతుంది. ముహూర్తానికి గట్టిమేళం కావాలి, అందులో తప్పు లేదు. కానీ మిగతా మూడు గంటల్లో ఒక్క పది నిమిషాలు, ఇంటి పెద్ద ఎవరైనా వెళ్ళి ఎదురుగా కూర్చుని, అయ్యా ఒక కల్యాణి వినిపించండి అని అడిగిన పెళ్ళి ఎన్ని చూశాం? భోజనాల దగ్గర వాళ్ళు ఎప్పుడు తిన్నారో కూడా చాలామందికి తెలియదు.

దీనికి విరుద్ధంగా ఒక మనిషి ఏం చేయగలదో చూడాలంటే బెంగళూరు నాగరత్నమ్మ గారిని చూడాలి. ఊరి పేరు బెంగళూరు, జీవితం ఎక్కువగా నడిచింది మద్రాసులో. దేవదాసి కుటుంబం, గొప్ప గాయని, సంపాదనపరురాలు. తంజావూరు ఆస్థానంలో ఉన్న ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దంలో రాసిన రాధికా సాంత్వనం దొరికినప్పుడు, అచ్చులో పద్యాలు కోసేసి ఉన్నాయని గమనించి, రాతప్రతి సంపాదించి, 1910లో వావిళ్ళ వారి ద్వారా పూర్తి పాఠం అచ్చు వేయించారు. ఒక ఆడమనిషి రాసిన శృంగార కావ్యాన్ని ఇంకో ఆడమనిషి బయటికి తేవడం పెద్దలకు మింగుడు పడలేదు. ప్రభుత్వం నిషేధించింది, ప్రతులు పట్టుకుపోయారు. ఆ నిషేధం ఎత్తేసింది టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. అంటే మూడు దశాబ్దాలకు పైగా ఒక మంచి పుస్తకం చదవడం నేరం.

త్యాగరాజస్వామి విషయంలో ఆవిడ చేసింది ఇంకా పెద్దది. స్వామి 1847లో తిరువయ్యారులో పోయారు, కావేరి ఒడ్డున సమాధి. దేశమంతా ఆయన కీర్తనలు పాడుతూ డబ్బూ పేరూ సంపాదించుకుంటున్న కాలంలోనే ఆ సమాధి మొక్కల్లో మునిగిపోయింది. 1903 ప్రాంతంలో ఉమయాళ్‌పురం కృష్ణ, సుందర భాగవతార్లు వెతికి బాగు చేయించారు. మళ్ళీ పాడుబడింది. 1921లో గురువు రాసిన ఉత్తరంతో ఈ సంగతి తెలుసుకున్న నాగరత్నమ్మ గారు అక్కడికి వెళ్ళి, ఆ స్థలం సంపాదించి, తన ఆస్తి ఖర్చుపెట్టి గుడి కట్టించారు. 1925లో కుంభాభిషేకం. విచిత్రం ఏమిటంటే, ఆవిడ సొమ్ముతో లేచిన ఆ గుడి ముందు ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదన్నారు మగ విద్వాంసులు. ఆవిడ ఊరుకోలేదు, గుడి వెనక ఆడవాళ్ళతో వేరే ఆరాధన మొదలుపెట్టించారు. పోట్లాడి పోట్లాడి 1940 ప్రాంతంలో వర్గాలన్నీ ఒకటయ్యాయి. ఇవాళ టీవీలో లైవ్ వచ్చే పంచరత్న కీర్తనల గోష్ఠిలో ఆడా మగా కలిసి కూర్చున్నారంటే దాని వెనక ఆ పోట్లాట ఉంది.

ఆవిడ దగ్గర ప్రభుత్వం లేదు, సంస్థ లేదు. సొంత నగలూ సొంత ఆస్తీ ఉన్నాయి, ఒక వాగ్గేయకారుడి అప్పు తను తీర్చాలి అన్న పట్టుదల ఉంది. తన పాటకు డబ్బు వచ్చింది ఎవరి కీర్తనల వల్లో ఆవిడ మరిచిపోలేదు. మెచ్చుకోలు అంటే మంచి మాటలు అనుకునేవాళ్ళు ఆవిడ లెక్క చూడాలి. చదవడానికి పుస్తకం, దీపం పెట్టడానికి గుడి, పాడటానికి చోటు, ఇవన్నీ ఆవిడ మెచ్చుకున్న తీరు.

అంత ఆస్తి అందరికీ ఉండదు, అంత అవసరం కూడా లేదు. చెన్నైలో తెలుగు సంఘాలు ఉన్నాయి, ఉగాదికి సభలు జరుగుతాయి. వేదిక మీద ముఖ్య అతిథికి శాలువా, ప్రత్యేక అతిథికి శాలువా, స్పాన్సర్‌కి శాలువా, అందరి ప్రసంగాలూ అయ్యాక రాత్రి తొమ్మిదికి పాట మొదలవుతుంది, అప్పటికి జనం భోజనాల దగ్గర ఉంటారు. ఆ వరుసను తిరగేస్తే పైసా ఖర్చు లేదు. పాట ముందు, శాలువాలు తర్వాత. పాడిన అమ్మాయికి ఇచ్చే కవరు, మెమెంటోకి పెట్టిన ఖర్చు కన్నా పలచగా ఉండకుండా చూస్తే చాలు. పోయినవాళ్ళ శతజయంతికి హాలు బుక్ చేసే డబ్బులో కొంత, బతికున్న ఒక ముసలి విద్వాంసుడి మందులకు పంపొచ్చు. అదీ ఆయన చెయ్యి చాచకముందే. చెయ్యి చాచాక ఇచ్చేదాన్ని సాయం అంటారు, అది వేరు.

సినిమా గాయకుడు పి.బి. శ్రీనివాస్ గారు కెథీడ్రల్ రోడ్డులో వుడ్‌ల్యాండ్స్ డ్రైవ్-ఇన్ ఉన్న రోజుల్లో అక్కడే కూర్చునేవారు, జేబులో రంగురంగుల పెన్నులు, ముందు కాగితాలు, కవిత్వం రాసుకుంటూ. ఎవరైనా వెళ్ళి పలకరించవచ్చు. 2008లో ఆ హోటల్ మూసేశారు, ఇప్పుడక్కడ పార్కు ఉంది. 2013లో ఆయనా వెళ్ళిపోయారు. అన్నేళ్ళు ఒక కాఫీ దూరంలో కూర్చున్న గొంతు అది. ఆ దారిలో రోజూ పోతూ, ఎప్పుడో ఒకసారి దిగి మీ పాట అంటే ఇష్టమండీ అని చెబుదాం అనుకుని చెప్పకుండా ఉండిపోయినవాళ్ళు ఈ ఊళ్ళో చాలామందే ఉండి ఉంటారు.

ఇవాళ్టికీ అలా ఒక కాఫీ దూరంలో ఉన్నవాళ్ళు ఉన్నారు. సినిమాల స్వర్ణయుగంలో కోరస్ పాడినవాళ్ళు, ఆర్కెస్ట్రాలో రెండో వరుసలో వయొలిన్ వాయించినవాళ్ళు, సెట్లకు తెరలు రాసినవాళ్ళు, వడపళని, సాలిగ్రామం సందుల్లో రెండు గదుల ఇళ్ళలో ఉంటారు. మనకు కంఠతా వచ్చిన పాటల్లో వాళ్ళ గొంతూ చెయ్యీ ఉన్నాయి, రికార్డు మీద పేరు లేదు. ఫోనుల్లో రికార్డింగ్ ఉంది, యూట్యూబ్ ఉంది. ఎదురుగా కూర్చుని, అమ్మా ఆ పాట రికార్డింగ్ రోజు ఏం జరిగింది, మీ పక్కన ఎవరు నిలబడ్డారు అని అడిగితే ఆవిడ చెబుతుంది. చెప్పేవాళ్ళ వయసు ఎనభై దాటింది.

ఇంట్లో పెళ్ళి ఉన్నవాళ్ళు ఇంకో చిన్న పని చేయొచ్చు. శుభలేఖలో కన్వెన్షన్ సెంటర్ పేరు వేస్తున్నాం, గూగుల్ మ్యాప్ కోడ్ వేస్తున్నాం. కిందనే ఒక వరుసలో నాదస్వరం ఎవరు, డోలు ఎవరు అని ఆ ఇద్దరి పేర్లూ ఊళ్ళతో సహా వేయించండి. వేయించడానికి వాళ్ళ పేర్లేమిటో ముందు వాళ్ళను అడగాలి.